కచేరీలు పాడే అమ్మాయికి స్కూల్లో మొదటి ఉద్యోగం: ఒక మ్యూజిక్ టీచర్ కేస్ స్టడీ

ఇది నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి కేసు. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను, కృష్ణా గుంటూరు ప్రాంతం అనుకోండి చాలు. తను ఒప్పుకున్నాకే రాస్తున్నా. నేను చాలా ఏళ్లు స్కూళ్లలో సంగీతం చెప్పాను, ఇప్పుడు కొత్తగా మ్యూజిక్ టీచర్లు అవుదామనుకునేవాళ్లని తయారుచేసే పనిలో ఉన్నా, కాబట్టి ఇలాంటి కేసులు నాకు వస్తూనే ఉంటాయి. ఇది పూర్తిగా రాయాలనిపించడానికి కారణం ఏంటంటే ఇందులో ఎవరి రికమెండేషనూ లేదు, ఏం మారిస్తే ఉద్యోగం వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది.

అమ్మాయికి 24 ఏళ్లు. బీకామ్ అయిపోయింది. సంగీతం చిన్నప్పటి నుంచీ ఉంది, ప్రభుత్వ సంగీత కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ తర్వాత రెండేళ్ల డిప్లొమా, గాత్రం. గొంతు చాలా బాగుంటుంది, శ్రుతి తాళం రెండూ గట్టివి, మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి పాడటం) కూడా వయసుకి మించే ఉంది. నాన్నగారికి కిరాణా షాపు. ఇంట్లో "పాటలు చాలమ్మా, బ్యాంక్ కోచింగ్‌లో చేరు" అని మొదలుపెట్టారు, వాళ్ల తప్పేం లేదు, డిగ్రీ అయ్యి రెండేళ్లయినా చేతికి ఒక్క జీతం రాలేదు. దసరా సెలవులకి ముందు నా దగ్గరికి వచ్చింది. వచ్చీ రాగానే అన్నమాట, "మేడమ్, నాకు కచేరీలు పాడటం వచ్చు గానీ ఉద్యోగం అడగటం రాదు".

అప్పటికే ఊళ్లో కనబడిన ప్రతి స్కూలుకీ వాట్సాప్‌లో రెజ్యూమే పంపేసింది. ఒకళ్లిద్దరు "వేకెన్సీ ఉంటే చెప్తాం" అన్నారు, మిగతా అందరిదీ నీలం టిక్కులు పడి అంతే.

ఆ రెజ్యూమే తీసి చూశా. మొదటి పేజీ మొత్తం ఎక్కడెక్కడ పాడిందో, నవరాత్రులకి ఫలానా గుడి, ఆరాధనోత్సవాల్లో గోష్ఠి గానం, ఎవరి చేతుల మీదుగా సన్మానం, ఇవే. రెండో పేజీ చివర్లో ఎక్కడో "పిల్లలకు సంగీతం నేర్పిన అనుభవం కలదు" అని ఒక్క లైను. అదేంటమ్మా అని అడిగితే అప్పుడు చెప్పింది, డిప్లొమా చదివేటప్పటి నుంచీ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది పది మంది పిల్లలకి వారానికి రెండు రోజులు చెప్తోందట, వాళ్లలో ఇద్దరికి స్కూల్ పోటీల్లో ప్రైజులు కూడా వచ్చాయట. ఉద్యోగం తెచ్చిపెట్టే సంగతి అది, దాన్ని తీసుకెళ్లి ఎవరూ చూడని చోట పెట్టింది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ప్రైవేట్ స్కూల్లో మన రెజ్యూమే చదివే మనిషి ప్రిన్సిపాలో, యాక్టివిటీ కోఆర్డినేటరో, పెద్ద చైన్ అయితే జోనల్ ఆఫీసులో హెచ్ఆరో. వాళ్లకి తోడి రాగానికీ భైరవి రాగానికీ తేడా తెలియాల్సిన అవసరం లేదు, వాళ్ల పని అది కాదు. వాళ్ల మనసులో ఉండేది, ఈ అమ్మాయి నలభై మంది పిల్లల్ని ఒక పీరియడ్ పాటు గోల లేకుండా కూర్చోబెట్టగలదా, యాన్యువల్ డేకి ఒక గ్రూప్ సాంగ్ స్టేజీ ఎక్కించగలదా, పేరెంట్ వచ్చి అడిగితే ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పగలదా. ఈ మూడింటికీ జవాబు మొదటి అరపేజీలో దొరక్కపోతే మిగతాది ఎంత గొప్పగా ఉన్నా చదవరు. అందుకని రెజ్యూమే తిరగరాయించా, ఒకటే పేజీ. పైన ఎంతమంది పిల్లలకి, ఏ వయసు వాళ్లకి, ఏం నేర్పిందో. దాని కింద చదువు. కచేరీలు చివర్లో రెండు లైన్లు. ఇంకా తను పాడే వీడియో లింక్ తీసేయించి, ఆ అపార్ట్‌మెంట్ పిల్లలు కలిసి పాడేది రెండు నిమిషాలు ఫోన్‌లో తీయించి (తల్లిదండ్రుల్ని అడిగే) ఆ లింక్ పెట్టించా. తను అందులో పక్కన నిలబడి తాళం వేస్తూ ఉంటుంది అంతే. ఒక ప్రిన్సిపాల్ తర్వాత చెప్పారు, పిలిచింది ఆ వీడియో చూసేనట.

అసలు ఎక్కడెక్కడ ఉద్యోగాలున్నాయో కూడా తనకి సరిగ్గా తెలీదు, చాలామందికి తెలీదు, అందుకే కాస్త వివరంగా రాస్తా.

గవర్నమెంట్ వైపు చూస్తే కేంద్రీయ విద్యాలయాల్లో పీఆర్‌టీ (ప్రైమరీ టీచర్) మ్యూజిక్ అని పోస్టు ఉంటుంది, పే లెవెల్ 6, బేసిక్ 35,400. 2022 డిసెంబర్ నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి 303 పోస్టులు ఇచ్చారు. అందులో రాత పరీక్ష, ఆ తర్వాత పాడి చూపించే టెస్టు, ఇంటర్వ్యూ పెట్టారు. నవోదయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచర్‌ది టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) స్థాయి, బేసిక్ 44,900, కానీ అవి రెసిడెన్షియల్ కాబట్టి క్యాంపస్‌లోనే ఉండాలి, సాయంత్రాలు కూడా డ్యూటీ లాంటిదే. తెలంగాణలో గురుకులాల బోర్డు 2023లో 124 మ్యూజిక్ టీచర్ పోస్టులు వేసింది, అక్కడి లోకల్ అభ్యర్థులకి అది మంచి దారి. ఈ నోటిఫికేషన్లు ఏటా వచ్చేవి కావు, వచ్చినప్పుడు అర్హత కాగితాలు చేతిలో రెడీగా ఉన్నవాళ్లకే పనికొస్తాయి.

మా అమ్మాయికి అక్కడే ఇబ్బంది వచ్చింది. ఆ 2022 కేంద్రీయ విద్యాలయం నోటిఫికేషన్‌లో అడిగింది ఇంటర్‌లో 50 శాతం మార్కులతో పాటు మ్యూజిక్‌లో బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైనది. తనకున్న డిగ్రీ కామర్స్‌ది, సంగీతంలో ఉన్నది డిప్లొమా. డిప్లొమా ఉంది కదా, డిగ్రీ ఉంది కదా, రెండూ కలిపితే సరిపోతుందిలే అనుకుంది. అలా కలవదు. ఆరేళ్లు కాలేజీలో కూర్చుని నేర్చుకున్న విద్య ఒక కాగితం మీద పేరు తేడా వల్ల లెక్కలోకి రాకపోవడం నాకూ బాధగానే ఉంటుంది, కానీ నోటిఫికేషన్ బాధల్ని చదవదు, కాబట్టి ఆ డిగ్రీ సంగతి వేరే పనిగా పెట్టుకున్నాం, చివర్లో చెప్తా.

ప్రైవేట్ వైపు. సీబీఎస్ఈ 2019లో ఆర్ట్ ఎడ్యుకేషన్‌కి ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా వారానికి కనీసం రెండు పీరియడ్లు ఉండాలని చెప్పింది. అందులో సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, నాటకం అన్నీ వస్తాయి. దాంతో సీబీఎస్ఈ స్కూళ్లలో ఈ పోస్టు కాగితం మీదైనా ఉంటుంది. కొన్ని నిజంగానే ఒక గది, వాయిద్యాలు ఇచ్చి చేయిస్తాయి, కొన్ని ఒకే మనిషితో పాటా డాన్సూ రెండూ లాగించేద్దాం అనుకుంటాయి. స్టేట్ సిలబస్ కార్పొరేట్ స్కూళ్లలో హైస్కూల్ మొత్తం ఐఐటీ ఫౌండేషన్ గొడవే కాబట్టి అక్కడ మ్యూజిక్ అంటే ప్రైమరీ వరకే, అది కూడా యాన్యువల్ డే సీజన్‌లోనే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్లలో జీతం బాగుంటుంది కానీ వాళ్లు ఎక్కువగా వెస్టర్న్ అడుగుతారు, కీబోర్డో గిటారో, ట్రినిటీ (లండన్ సంగీత సంస్థ) గ్రేడ్ పరీక్షలకి తయారుచేయగలిగినవాళ్లు కావాలంటారు.

ఇంకో సంగతి టైమింగ్. మన రెండు రాష్ట్రాల్లో మామూలుగా స్కూళ్లు జూన్ 12కి తెరుస్తారు, టీచర్లని తీసుకునేది ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. మన పిల్లలు రిజల్ట్స్ వచ్చాక తీరిగ్గా జూన్‌లో తిరుగుతారు, అప్పటికి అంతా నిండిపోయి ఉంటుంది. కానీ మ్యూజిక్‌కి మాత్రం రెండో సీజన్ ఒకటుంది, దసరా నుంచి సంక్రాంతి మధ్య. యాన్యువల్ డేలు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడుస్తాయి, సరిగ్గా ఆ ముందు ఉన్న టీచర్ పెళ్లనో డెలివరీ అనో వేరే చోట ఎక్కువ ఇస్తున్నారనో మానేస్తే స్కూలుకి కాళ్లూ చేతులూ ఆడవు. ఈ అమ్మాయి దసరా ముందు రావడం వల్ల ఆ సీజన్‌కి గురి పెట్టాం.

ఇప్పుడు అసలు విషయం, డెమో క్లాసు.

నా దగ్గరికి రాకముందే ఒక పెద్ద స్కూల్లో డెమోకి పిలిచారు తనని. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పించుకున్నా, ఎందుకంటే లోపం ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది. ఐదో తరగతి, నలభై మంది దాకా. తను వెళ్లి కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో శ్రుతి పెట్టి, పురందరదాసు గారి గురించి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళి, అంటే స్వరాల మొదటి పాఠం. ముందు బెంచీ పిల్లలు నలుగురు పాడారు. అందులో ఒక బాబుకి రిషభం సరిగ్గా పడట్లేదని వాణ్ని లేపి సరిచేస్తూ ఉండిపోయింది, ఈలోపు వెనక బెంచీలు వాటి దారిన అవి వెళ్లిపోయాయి, ఒకడు పక్కవాడి జామెట్రీ బాక్సు మీద వేరే తాళం వేస్తున్నాడు. కోఆర్డినేటర్ బయటికొచ్చి "మీ వాయిస్ చాలా బావుందమ్మా, మేము ఫోన్ చేస్తాం" అన్నారు. చేయలేదు.

తను దాన్ని "ఆ స్కూల్లో పిల్లలకి సంగీతం అంటే ఇంట్రెస్ట్ లేదు మేడమ్" అని చెప్పింది. కాదు. తను నేర్చుకున్న పద్ధతే తీసుకెళ్లి అక్కడ పెట్టింది. మనమందరం గురువుగారి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లం, ఒకళ్లు తప్పు పాడితే గురువుగారు ఆపుతారు, సరిచేస్తారు, మిగతావాళ్లు వింటారు, వినడం కూడా పాఠమే అని మనకి తెలుసు. సంగీతం కోసమే వచ్చిన పిల్లల దగ్గర అది చెల్లుతుంది. లెక్కల పీరియడ్‌కీ సైన్స్ పీరియడ్‌కీ మధ్య వచ్చిన నలభై మంది దగ్గర, ఒకడితో మాట్లాడుతున్న ప్రతి నిమిషం ముప్పైతొమ్మిది మందికి ఖాళీ నిమిషం. స్కూల్ వాళ్లు డెమోలో చూసేది ఈ ఒక్కటే, ఖాళీ నిమిషాలు ఎన్ని ఉన్నాయి అని, వాళ్లు ఆ మాట అనకపోయినా.

అందుకని డెమోని మొదటి నుంచి కట్టుకున్నాం, ఇరవై నిమిషాలకి.

లోపలికి వెళ్లగానే ఉపన్యాసం లేదు, పేరు కూడా చెప్పక్కర్లేదు. నిలబడే ఉండాలి, కుర్చీ వద్దు. చేత్తో తాళం నాలుగు దెబ్బలు వేసి చెయ్యి పిల్లల వైపు చూపించడం, వాళ్లు తిరిగి వేస్తారు, ఎవరూ చెప్పక్కర్లేకుండా వేస్తారు, నేను ఎన్ని క్లాసుల్లో చూశానో. మళ్లీ కాస్త మార్చి ఇంకోటి. మూడో నాలుగో సారికి గది మొత్తం ఒకే చప్పుడు, అప్పటికి వెనక బెంచీ కూడా చేతిలో ఉంటుంది. అక్కడి నుంచి గొంతులోకి, స గ ప అని మూడు స్వరాలు, తను పాడటం వాళ్లు తిరిగి పాడటం, మధ్యలో మాటల్లేవు. తర్వాత ఒక పాటలో రెండు లైన్లు, రెండే. క్లాసుని సగానికి చేసి ఒక సగం పాడుతుంటే ఇంకో సగం తాళం, తర్వాత మార్చుకోవడం. తప్పు పాడినవాణ్ని లేపకూడదు, మొత్తం క్లాసుకే ఇంకోసారి పాడి వినిపించాలి, వాడు అందులోనే సర్దుకుంటాడు. చివరి రెండు నిమిషాలు, వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ వైపు తిరిగి పిల్లలు ఆ రెండు లైన్లు పాడి వినిపించాలి. ఇది నేను అందరికీ గట్టిగా చెప్తా, డెమో అయ్యేసరికి ప్రిన్సిపాల్ చెవిలో పడాల్సింది పిల్లల పాట, మీ పాట కాదు.

శ్రుతి గురించి ఇంకొంచెం చెప్పాలి. తను ఐదు శ్రుతిలో (ఆధార స్వరం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె అది) పాడుతుంది, అలవాటుగా క్లాసులో కూడా అదే పెట్టింది. చిన్న పిల్లలకి కింది స్వరాలు అందవు, అందకపోతే వాళ్లు ఆగరు, మాటల్ని మాట్లాడినట్టు అనేస్తారు, అది వింటే క్లాసు బేసురుగా ఉందనిపిస్తుంది. మూడు నాలుగు తరగతులకి ఆరుకి పెంచమన్నా, పాటని బట్టి ఇంకాస్త పైకి కూడా. పై తరగతుల్లో వేరే కథ, ఎనిమిది తొమ్మిదిలో మగపిల్లలకి గొంతు మారే వయసు, నిన్న పాడింది ఇవాళ రాదు, చీలిపోతుంది, పక్కనోళ్లు నవ్వుతారు, వాడు ఇక జన్మలో నోరు తెరవడు. వాళ్లకి పాటలో తక్కువ స్వరాలున్న భాగం ఇవ్వాలి, లేదా తాళం, కంజీర (చేత్తో వాయించే చిన్న వాయిద్యం) లాంటిది చేతికివ్వాలి, ఏడాది పోతే కొత్త గొంతుతో వాళ్లే వస్తారు. ఇంటర్వ్యూలో "హైస్కూల్ బాయ్స్ పాడరు కదా, ఏం చేస్తారు" అని అడిగినప్పుడు తను ఇదే చెప్పింది, ఆ ప్రిన్సిపాల్‌కి ఇంట్లో ఆ వయసు కొడుకు ఉన్నాడట, చాలాసేపు దాని గురించే మాట్లాడారు.

ఇంకో లోటు కీబోర్డు. మన కర్ణాటక గాత్రం వాళ్లు చాలామందికి తంబూరా, శ్రుతి బాక్సు తప్ప చేతిలో వాయిద్యం ఉండదు. స్కూల్లో అసెంబ్లీకి, గ్రూప్ సాంగ్‌కి ఎవరో ఒకరు వాయించాలి, ఆ ఒకరు మీరే. సెకండ్ హ్యాండ్‌లో 61 కీలది ఒకటి కొనిపించా. అన్నీ నేర్చుకోనక్కర్లేదన్నా, ఒకే స్కేల్‌లో కుడిచేత్తో పాట వాయించడం, ఎడమచేత్తో మూడు కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు), కావలసిన శ్రుతికి ట్రాన్స్‌పోజ్ బటన్. స్వరజ్ఞానం ఉన్నవాళ్లకి ఇది చాలా తొందరగా వచ్చేస్తుంది, తనకి దీపావళికల్లా వచ్చేసింది. మన గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) దాని మీద పలకవు, ఆ బాధ ఎలాగూ ఉంటుంది, కానీ ఇక్కడ దాని పని పిల్లల్ని శ్రుతిలో నిలబెట్టడం.

డెమో ప్రాక్టీస్ మా వీధి పిల్లల మీద చేయించా. మొదట్లో మాటలు ఎక్కువైపోయేవి, "ఇప్పుడు మనం ఏం చేద్దామంటే" అని మొదలుపెట్టేది ప్రతిసారీ. ఆ వాక్యం తీసేయమన్నా, చేసి చూపించు, చెప్పకు అన్నా. ఒకసారి పూర్తిగా మాటల్లేకుండా సైగలతోనే ఇరవై నిమిషాలు నడిపించింది, ఆ రోజు తన ముఖం చూడాలి, క్లాసు అంటే ఏంటో అప్పుడు తెలిసింది తనకి.

తర్వాత పిలుపులు రావడం మొదలైంది. ఒక స్కూల్లో డెమో బాగా జరిగింది, "డాన్స్ కూడా చూసుకోవాలి, ఫోక్ డాన్సు, క్లాసికల్ రెండూ" అన్నారు. తను ఫోన్ చేసి "వచ్చని చెప్పనా మేడమ్, యూట్యూబ్ చూసి నేర్పేస్తా" అంది. వద్దన్నా. రాని విద్య వచ్చని చెప్పి చేరితే ఫిబ్రవరిలో స్టేజీ మీద బయటపడుతుంది, అప్పుడు వచ్చిన విద్యకి కూడా విలువ పోతుంది. కూచిపూడి ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లు ఈ ఊళ్లోనే పని లేకుండా ఉన్నారు, వాళ్ల పని అది. "పాట వరకు పూర్తిగా నాది, డాన్సుకి పాట కావాలంటే పాడి రికార్డు చేసిస్తా" అని చెప్పమన్నా. వాళ్లు తీసుకోలేదు. తీసుకోకపోవడం మంచిదే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇంకో సీబీఎస్ఈ స్కూలు, మధ్యస్థంగా ఉండేది, పాత టీచర్ మధ్యలో మానేశారు. నాలుగో తరగతికి డెమో. అనుకున్నది అనుకున్నట్టు చేసింది. చివర్లో పిల్లలు పాడుతుంటే పక్క క్లాసు టీచర్ కిటికీ దగ్గరికొచ్చి చూసిందట. ప్రిన్సిపాల్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పటి నుంచి రాగలరు?"

ఇక్కడ చాలామంది సంతోషంలో ఏది పెడితే అది ఒప్పేసుకుంటారు. ముందే కూర్చుని మాట్లాడుకున్నాం కాబట్టి తను ఆగింది. వాళ్లు 14,000 అన్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్లో పెట్టాలన్నారు, మే నెల జీతం కొత్తవాళ్లకి ఉండదన్నారు. వారానికి ఎన్ని పీరియడ్లు అని అడిగితే "అది టైమ్‌టేబుల్ వేశాక చూద్దాం" అన్నారు.

ఒరిజినల్స్ విషయంలో నేను ఎవరికీ వెనక్కి తగ్గమని చెప్పను. మన దగ్గర ప్రైవేట్ స్కూళ్లలో ఇది మామూలు అలవాటు అయిపోయింది, మధ్యలో మానేయకుండా పట్టుకోవడానికి. కానీ రేపు గవర్నమెంట్ నోటిఫికేషన్ వచ్చి వెరిఫికేషన్‌కి పిలిస్తే ఆ కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, బతిమాలి, చివరి రోజు దాటిపోయినవాళ్లని నేను కళ్లారా చూశాను. చూపించి వెరిఫై చేయించుకోండి, అటెస్టేషన్ చేసిన జిరాక్స్ సెట్టు ఇస్తాను, నోటీస్ పీరియడ్ కాగితం మీద రాసిస్తాను అని మర్యాదగా చెప్పమన్నా. "మా గురువుగారు ఒప్పుకోరు సార్" అని నా మీదకి నెట్టేసింది, మంచి పనే చేసింది, చిన్నపిల్లలు పెద్దవాళ్ల పేరు చెప్పి తప్పించుకోవడంలో తప్పు లేదు. ఒప్పుకున్నారు. వేరే మనిషి అప్పటికప్పుడు దొరకరు, యాన్యువల్ డే జనవరిలో ఉంది, ఆ సంగతి వాళ్లకీ తెలుసు.

జీతం దగ్గర ఊరికే పెంచమని అడగలేదు. కీబోర్డు నాది నేను తెస్తాను, అసెంబ్లీ మొత్తం నేను చూసుకుంటాను, వారానికి 28 పీరియడ్లు దాటకుండా రాసివ్వండి, 18,000 ఇవ్వండి అంది. 17,000 దగ్గర తెగింది. మే జీతం సంగతి, జూన్‌లో తిరిగి చేరితే సగం ఇస్తామన్నారు. పీఎఫ్ అడిగింది, కడుతున్నారు (ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట, పీఎఫ్ లెక్కకొచ్చే జీతం 15,000 దాటని కొత్త ఉద్యోగికి అది తప్పనిసరి, అడగడానికి మొహమాటం ఎందుకు). స్కూల్ టైమ్ తర్వాత బయట ట్యూషన్లు చెప్పుకోవచ్చు, కానీ అదే స్కూల్ పిల్లలకి డబ్బు తీసుకుని చెప్పకూడదు అని వాళ్లు రాశారు, అది న్యాయమే, సంతకం పెట్టింది.

నవంబర్‌లో చేరింది.

మొదటి రెండు వారాల్లో గొంతు పోయింది. రోజుకి ఐదారు పీరియడ్లు, గది లేదు, క్లాసు క్లాసుకీ తనే తిరగాలి, ఫ్యాన్ల చప్పుడు మీద పాడాలి. కచేరీలో రెండు గంటలు పాడటం వేరు, ఇది వేరు, పిల్లల అరుపుల మీద గొంతు పెంచి మాట్లాడటమే గొంతుని తినేస్తుంది, పాట కాదు. నడుముకి కట్టుకునే చిన్న స్పీకర్, హెడ్ మైకు కొనుక్కోమన్నా, ఎక్కువ ఖరీదేం కాదు. క్లాసుని ఆపడానికి గొంతు వాడొద్దు, ఆ తాళం దెబ్బలే వాడు అన్నా. వరసగా రెండు పీరియడ్లు తను పాడే పాఠం పెట్టుకోవద్దు, ఒకదాంట్లో పాట, ఇంకోదాంట్లో తాళం, వినడం, స్వరాలు రాయడం. మైకు వాడటం సంగీతానికి అవమానం అనుకునే పెద్దలున్నారు, నేను వాళ్లతో అస్సలు ఏకీభవించను, ఇరవైనాలుగేళ్ల గొంతు నలభై దాకా నిలబడాలి. గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి, మిరియాల కషాయంతో సరిపెట్టకూడదు.

స్కూల్లో తనకి పేరు తెచ్చింది మాత్రం యాన్యువల్ డే కంటే ముందు అసెంబ్లీ. జాతీయ గీతం అక్కడ రోజూ ఎవరో ఒక పిల్ల తోచిన చోట ఎత్తుకునేది, ఎక్కువగా పైన, చివరి జయహేల దగ్గరికి వచ్చేసరికి సగం మందికి అందక అరుపులు. తను చేసింది ఏంటంటే, రోజూ కీబోర్డు మీద ఆరంభ స్వరం ఒక్కటి ఇవ్వడం, నడక కుదర్చడం. పూర్తి గీతం దాదాపు 52 సెకన్లలో పాడాలి, వాళ్లు నిమిషం దాటించి సాగదీసేవాళ్లు. పై తరగతులకి ఒక పీరియడ్ మొత్తం దీని మీదే పెట్టింది, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మన మదనపల్లె వచ్చి దివ్యజ్ఞాన (థియోసాఫికల్) కాలేజీలో ఉన్నప్పుడు అక్కడ మార్గరెట్ కజిన్స్ గారు ఈ పాటకి స్వరాలు రాసిపెట్టారని, ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి కూడా రాశారని చెప్పింది. మన చిత్తూరు వైపు ఊళ్లో జరిగిందా అని పిల్లలు నోళ్లు తెరిచి విన్నారట. వారం పది రోజుల్లో అసెంబ్లీ శబ్దం మారిపోయింది. అసెంబ్లీ అంటే ప్రిన్సిపాల్, మొత్తం స్టాఫ్, గేటు బయట నిలబడ్డ పేరెంట్స్ అందరూ రోజూ వినేది, అంతకంటే మంచి చోటు కొత్త మ్యూజిక్ టీచర్‌కి ఉండదు. చేరే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది అదే, ముందు అసెంబ్లీ బాగుచేయండి.

ఇక పాఠం సంగతి. ఒక్కో సెక్షన్‌కి వారానికి ఒక పీరియడ్, పరీక్షలు సెలవులు పోగా ఏడాదికి ముప్పై దొరికితే గొప్ప. ఇందులో సరళి, జంట, అలంకారాలు, గీతం అని సంగీత కళాశాల సిలబస్ నడవదు. ప్రతి పీరియడ్‌లోనూ ఒక ముక్క తాళం, ఒక ముక్క స్వరం, ఒక ముక్క పాట, ఈ మూడూ ఉండేలా రాసుకుంది. సప్త తాళాల అలంకారాలు పూర్తిగా వదిలేయలేదు, ఆరో తరగతి నుంచి చేతులతో ఆటలాగా వేయిస్తోంది, పాడించట్లేదు. నిజంగా గొంతూ ఆసక్తీ ఉన్న పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకి లంచ్ తర్వాత ఇరవై నిమిషాలు వేరేగా, అసలు పద్ధతిలో, సరళీ స్వరాల నుంచి. ఇది తన ఆలోచనే, నేను చెప్పలేదు, వినగానే నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే విద్య ముందుకెళ్లేది అక్కడి నుంచే.

డబ్బు గురించి కూడా రాస్తా, 17,000తో ఇల్లు గడవదు కాబట్టి. అపార్ట్‌మెంట్ పిల్లల క్లాసు వారానికి రెండు సాయంత్రాలు ఉంచుకుంది. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు ముగ్గురికి ఆన్‌లైన్ చెప్తోంది, అక్కడ ఈస్ట్ కోస్ట్‌లో శనివారం రాత్రి తొమ్మిది అంటే వేసవిలో మనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర. ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి నేను పాడతా నువ్వు పాడు అన్న పద్ధతే. ఆన్‌లైన్ వాళ్లనే ఇంకా పెంచుకుని స్కూల్ మానేస్తే ఎక్కువ వస్తుంది కదా అని ఇంట్లో అన్నారు. లెక్క ప్రకారం నిజమే. కానీ మొదటి రెండేళ్లు స్కూల్ వదలొద్దన్నా. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, నలభై మంది ముందు నిలబడే నైపుణ్యం ఇంకెక్కడా రాదు.

యాన్యువల్ డే బాగా జరిగింది, 60 మందితో రెండు పాటలు, ట్రాక్ లేకుండా లైవ్‌లో. వాటి గురించి పెద్దగా రాయను, అందరి యాన్యువల్ డేలూ అలాగే ఉంటాయి.

మార్చిలో స్కూల్ వాళ్లు వచ్చే ఏడాదికి ఉండమన్నారు. ఈసారి తనే వెళ్లి మాట్లాడింది, నన్ను అడగలేదు కూడా, అయిపోయాక ఫోన్ చేసింది. జీతం 21,000. దాంతో పాటు పాత లైబ్రరీ గది మ్యూజిక్ రూమ్‌గా అడిగింది, ఇచ్చారు, కింద పరచడానికి జంపఖానాలు, రెండు కీబోర్డులు, ఆరు కంజీరలు కొనడానికి ఒప్పుకున్నారు. మే నెల జీతం పూర్తిగా అడిగితే అది మాత్రం పాలసీ అన్నారు, సగమే.

డిగ్రీ సంగతి ఇప్పుడు నడుస్తోంది. డిప్లొమా ఉంది కదా అని ఊరుకోకుండా సంగీతంలో డిగ్రీ చేయడానికి నిర్ణయించుకుంది. ఉద్యోగం చేస్తూ కుదిరేది ఏదో చూస్తున్నాం. అప్లై చేసే ముందు ప్రతిదానికీ ఒకటే అడగమన్నా, ఈ కోర్సుకి యూజీసీ గుర్తింపు ఉందా, సర్టిఫికెట్ మీద బ్యాచిలర్ డిగ్రీ అనే రాస్తారా, ఆ రెండూ మెయిల్‌లో రాసివ్వమను అని. కేంద్రీయ విద్యాలయానికి ఆ 2022 నోటిఫికేషన్‌లో వయసు పరిమితి 30 అని పెట్టారు, బోధన హిందీలోనూ ఇంగ్లీషులోనూ చేయగలగాలి. హిందీ తనకి కాస్త తక్కువ, అందుకని ఈ వేసవి సెలవుల్లో పొద్దున్న హిందీ, సాయంత్రం కీబోర్డులో ఎడమచెయ్యి అని టైమ్‌టేబుల్ వేసుకుంది. మధ్యాహ్నాలు ఖాళీ పెట్టమన్నా, సొంత సాధనకి. అది ఆగితే పిల్లలకి చెప్పేది కూడా మెల్లగా ఎండిపోతుంది, కాబట్టి ఈ విషయంలో మాత్రం రోజూ ఫోన్ చేసి అడుగుతున్నా.